తోరం కట్టిన మూత

రోలు గుమ్మం దాటడం లేదు.

సంపూర్ణమ్మ దాన్ని ఒక పక్కనుంచి దొర్లిస్తోంది. దీనమ్మ రెండో పక్క కాళ్ళు చాపుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తోడికోడళ్ళిద్దరి మధ్యా ఆ నల్లరాయి అటు జానెడు, ఇటు జానెడు కదులుతోంది. వీధిలో బండి సగం నిండి ఉంది. బండివాడు ఎద్దులకు గడ్డి వేసి తాపీగా చుట్ట ముట్టించుకున్నాడు. వేరుపడే ఇళ్ళ సామాన్లు మోసి మోసి అతనికి ఈ ఆలస్యం అలవాటైపోయింది.

"అది మా అమ్మ ఇచ్చిందక్కా. పెళ్ళికి నిడదవోలు నుంచి పడవలో వేసి పంపింది."

"కాదన్నానా? మీ అమ్మ ఇచ్చింది, నువ్వు తెచ్చావు. రోజూ రుబ్బింది మాత్రం నేను. ఇప్పుడు దీన్ని పట్టుకెళ్ళి ఆ అద్దెకొంపలో ఏం చేస్తావు? చారెడు పప్పు రుబ్బడం రాదు నీకు."

"నేర్చుకుంటాను."

"అయితే నేర్చుకున్నాక వచ్చి పట్టుకెళ్ళు."

అరుగు మీద కూర్చున్న సామ్యేలుకు నవ్వు వచ్చింది. నవ్వితే ఇంకో తగవు మొదలవుతుందని మీసం సర్దుకున్నాడు. నవ్వవలసిన సాయంత్రం కాదది. ఒక్క తల్లి కడుపున పుట్టి, ఒక్క కంచంలో తిని పెరిగిన తమ్ముడు ఇల్లు విడిచి పోతున్నాడు. అందుకు కారణం తానే.

చిట్టియ్య భుజాన పెట్టెతో లోపల్నుంచి వచ్చాడు. అన్న వైపు చూడలేదు.

"సంపూర్ణా, రోలు వదిలెయ్యి. కొత్తది కొనుక్కుందాం. ప్రభుత్వంవారింట్లో రాయి ముట్టుకున్నా ముద్ర వేసేస్తారు."

ప్రభుత్వంవారంటే సామ్యేలే. పడవకు ముద్ర పడ్డ రోజు నుంచి చిట్టియ్య నోట అన్నయ్య అనే మాట రావడం మానేసింది.

సామ్యేలు వయసంతా పొగపడవల మీదే గడిచింది. లూథరన్ మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ధవళేశ్వరం వర్కుషాపులో ఇనుము కొట్టి, ఆ తర్వాత రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా జనాన్ని చేరవేసే కంపెనీలో పొగపడవ నడిపాడు. కంపెనీ ఎత్తేశాక కాలువ పడవల్ని తనిఖీ చెయ్యడానికి బాయిలరు సంగతి తెలిసిన మనిషి కావాలని ప్రభుత్వం వెతికి, ఇతన్ని ఇన్‌స్పెక్టరుగా వేసుకుంది. నల్లకోటూ, ఇత్తడి బిళ్ళా ఇచ్చింది. ఆ బిళ్ళను చింతపండుతో తోమి అన్న కోటుకు పెట్టింది చిట్టియ్యే. ఆ రోజు ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు.

ఆ బిళ్ళ పెట్టుకుని సామ్యేలు ఆపిన మొదటి పడవ త్రినాథరాజుగారి 'కామాక్షి'. దాన్ని నడిపేది చిట్టియ్య.

"ఒరే చిట్టీ," అన్నాడు సామ్యేలు. "ఇల్లు నీది కూడానురా. నా మొహం చూడలేకపోతే నేనే ఎక్కడికైనా పోతాను."

చిట్టియ్య పెట్టెను బండిలో దించి, భార్యతో అన్నాడు. "వారితో చెప్పు సంపూర్ణా. వారు ఎక్కడికీ పోనక్కర్లేదు. రేపటితో ఉద్యోగం ఎలాగూ పోతుంది. ఇంటిపట్టునే ఉండొచ్చు."

"రేపేంటి?" అంది దీనమ్మ రోలు పట్టు వదలకుండానే.

మరిదికి వదినతో పేచీ లేదు కాబట్టి ఆమెకు సమాధానం దొరికింది. "రాజుగారు ఇంజనీరు దొర దగ్గరికి వెళ్ళారు వదినా. రేపు పొద్దున్న రేవులో అందరి ఎదటా బాయిలరు కింద మంట వెయ్యాలి. ఆవిరి జోరు చూపే ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళాలి. బాయిలరు నిలబడితే పడవ వదిలేస్తారు. ముద్ర వేసినవారిని కూడా వదిలేస్తారు."

"మంట వేసేది ఎవరు?" అన్నాడు సామ్యేలు.

చిట్టియ్య ఎద్దుల వైపు చూస్తూ అన్నాడు. "ఎవరు వేస్తారు? పడవ ఎవరు నడిపితే వాళ్ళే. నేనే."

"మూతకి కట్టిన తోరం తీసేశాకేగా?"

"తోరం జోలికి ఎవరూ పోకూడదని రాజుగారు ముందే మాట తీసుకున్నారు. పూజ చేసిన వస్తువు. మతం సంగతి అనగానే దొర కూడా ఎందుకొచ్చిన గొడవని సరేనన్నాడు."

సామ్యేలు అరుగు దిగాడు.

బాయిలరు నెత్తిన ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని అదిమిపెట్టడానికి ఒక ఇనప కాడ, కాడ చివర వేలాడే గుండు. ఆవిరి హద్దు మీరితే మూత తనంతట తానే లేచి దారి ఇవ్వాలి. 'కామాక్షి' మూత లేచే వీలు లేదు. రాజుగారి భార్య సూర్యకాంతమ్మగారు ఏటా దసరాకు పంపే పసుపు తోరాలు కాడకీ గుండుకీ మూతకీ కలిపి చుట్టి ఉన్నాయి. ముద్ర వేసిన రోజున సామ్యేలు చూసింది అదే. తోరం తియ్యమంటే రాజుగారు రేవు మధ్యలో నిలబడి, "దమ్ముంటే నువ్వే కొయ్యరా. కిరస్తానీవాడు మా ఇంటి తోరం ఎలా కోస్తాడో ఊరంతా చూస్తుంది," అన్నారు. అతను కొయ్యలేదు. చుక్కానికి గొలుసు వేసి, దాని మీద లక్కముద్ర వేసి వచ్చాడు.

"మూత బిగించి ఎర్రగీత దాకా మంట వేస్తావురా? నీ బుద్ధేమైంది?"

అప్పుడు తిరిగాడు చిట్టియ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ అలాగే నడిపాను. ముల్లు చూసుకుంటూ నడిపాను. ఒక్కరికి చెయ్యి కాలిందా?"

"ముల్లు అబద్ధం చెప్పిన రోజున?"

"అదీ. ముల్లు మీద కాదు, నా చేతి మీదే నమ్మకం లేదు. నేను నడిపే పడవ జనం ఎక్కడానికి పనికిరాదని ఊరంతటికీ చాటి చెప్పారు. పరాయివాడెవడైనా ఆ పని చేస్తే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. చేసింది ఎవరు?"

నిజానికి ఆ పడవ తమ్ముడు నడిపేది కాకపోయి ఉంటే సామ్యేలు రాజుగారికి ఇంకో వారం గడువు ఇచ్చేవాడేమో. తమ్ముడు ఆ మూత పక్కన కూర్చుంటాడని తెలిశాకే ఒక్క పూట కూడా ఆగలేకపోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. బండివాడు వింటున్నాడని మింగేశాడు.

బండి కదిలింది. రోలు మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది. సంపూర్ణమ్మ నడుస్తూ వెనక్కి తిరిగి దాన్ని చూసుకుంటూ వెళ్ళింది.

"పొద్దున్నే వెళ్ళి నేనే కోసేస్తాను," అన్నాడు సామ్యేలు. "ఉద్యోగం పోతే పోయింది. వాడు మిగలాలి."

"మీరు కోస్తే ఉద్యోగం ఒక్కటే పోదు," అంది దీనమ్మ చీర దులుపుకుంటూ. "మనవాళ్ళ ఇళ్ళన్నీ ఒక్క వీధిలోనే ఉన్నాయి. కోసింది మీరు, దెబ్బలు తినేది వీధి."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"కట్టినావిడ్ని అడిగారా?"

సామ్యేలు ఆమె వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఆవిడ రాజులావిడ. ఘోషా. ఎండ కూడా చూసి ఎరగదంటారు."

"నేను వారం వారం చూస్తాను. వాళ్ళ అమ్మాయి నీలవేణికి లేసు అల్లిక నేర్పేది నేను కాదా? పైగా రాజుగారు రాజమండ్రిలో ఉన్నారు. కోటు తొడుక్కోండి."

రాజుగారి లోగిలిలో అప్పుడే దీపాలు పెడుతున్నారు. సామ్యేలును బయటి పంచలో కూర్చోబెట్టారు. పంచకీ లోపలి చావడికీ మధ్య ముతక తెర దించి ఉంది. దీనమ్మ తెర అవతలికి వెళ్ళింది.

సూర్యకాంతమ్మగారు పరాయి మగవాళ్ళతో మాట్లాడరు. అందుకని దీనమ్మతో మాట్లాడారు. ప్రతి మాటా సామ్యేలుకు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. ఇంట్లో తమ్ముడు అలాగ, ఇక్కడ ఈవిడ ఇలాగ. ఈమధ్య తనతో తిన్నగా మాట్లాడేవాళ్ళే కరువయ్యారని అనుకున్నాడతను.

"అడుగు దీనమ్మా. మీ ఆయనకి నా తోరంతో ఏం పనిట?"

"తోరంతో ఏం పని అని అడుగుతున్నారండి," అంది దీనమ్మ తెర ఇవతలికి.

"తోరంతో నాకు పేచీ లేదండి. కట్టిన చోటుతోనే పేచీ. ఎసరు పొంగుతుంటే మూత ఎగిరెగిరి పడుతుంది కదండి. ఆ మూతకి తాడేసి బిగించి, కింద కట్టెలు ఎగదోస్తే ఏమవుతుందండి?"

"కుండ పగులుతుంది," అన్నారు సూర్యకాంతమ్మగారు. వెంటనే సర్దుకుని, "పగులుతుందని చెప్పు దీనమ్మా," అన్నారు.

"ఆయ్. బాయిలరు కూడా అంతేనండి. కుండ పగిలితే పొయ్యి ఆరుతుంది. ఇది పగిలితే పడవలో మనిషి మిగలడండి."

"నాలుగు నూలుపోగుల తోరం అంత ఇనుముని ఆపేస్తుందా? అడుగు."

"ఒక్కటైతే ఆపదండి. ఏటికేడు ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వచ్చారు. పసుపూ కుంకం నూనె మసీ కలిసి గట్టిపడిపోయిందండి. ఇప్పుడది ఇంత ముద్ద."

తెర అవతల పీట జరిగిన చప్పుడైంది.

"కిందటేడు తోరం ఇంకా ఉందా?"

"ఉందండి."

"అంతకు ముందుది?"

"దాని కింద ఉందండి."

"మొట్టమొదట పంపింది?"

"అన్నిటికన్నా అడుగున ఉందండి."

"పాపాయమ్మా," అని పిలిచారావిడ. గొంతు మారిపోయింది. దాసీ పాపాయమ్మ వచ్చి నిలబడినట్టు గాజులు చెప్పాయి. "ఏటా తోరం ఎవరికి ఇస్తున్నావే?"

"పడవ నడిపే ఆయనకేనండి, రేవులో."

"మూడోనాడు తీసి గోదాట్లో కలపమని చెబుతున్నావా?"

"కట్టమని చెప్పమన్నారు తమరు. కట్టమని చెప్పానండి. తియ్యమని తమరు అన్లేదు, నేను చెప్పలేదండి."

"తోరం తియ్యాలని ఒకళ్ళు చెప్పాలా? ఏ ఇంట్లో అడిగినా చెబుతారు."

"మా ఇళ్ళల్లో తెలియదండి అమ్మగారూ," అంది దీనమ్మ మెల్లగా. "మేం తోరాలు కట్టుకోం. మా మరిదికీ తెలియదు, అతనికి ముందు పడవ నడిపిన మస్తాను సాయిబుకీ తెలియదు. తమ ఇంటి పూజ, చెయ్యి వేస్తే అపచారమని భయపడి ఉంచేశారు. అడుగుదామంటే తమరు తెర వెనకాల."

సామ్యేలు తల వంచుకుని ఆ మాట విన్నాడు. అంత గౌరవంగా, అంత భయభక్తులతో అందరూ కలిసి ఆ మూత గొంతు నులిమేశారు. ఇందులో ఎవర్ని తప్పుపట్టాలో అతనికి తోచలేదు.

"పడవ ఎక్కినవాళ్ళు చల్లగా ఉండాలని పంపానయ్యా," అన్నారు సూర్యకాంతమ్మగారు. ఈసారి దీనమ్మను అడ్డం పెట్టుకోవడం మర్చిపోయారు. "ఒక్కర్ని చంపాలని కాదు."

"తెలుసండి. అందుకే తమ దగ్గరికి వచ్చానండి. రేపు పొద్దున్న ఆ తోరంతోనే మంట వేస్తారట. వేసేది నా తమ్ముడండి."

"నాన్నగారు రాత్రికి రాజమండ్రిలోనే ఉంటారమ్మా," అంది నీలవేణి గొంతు. "పొద్దున్నే తిన్నగా రేవుకి వెళ్తారు."

తర్వాత ఎవరో లేచిన చప్పుడు.

"వెళ్ళిరమ్మను దీనమ్మా," అన్నారావిడ. అంతకుమించి ఒక్క మాట లేదు.

పొద్దున్నకల్లా కాలువ లాకు తలుపుల పక్క రేవు జనంతో నిండిపోయింది. కొత్తగా వేస్తున్న రైలుకట్ట పనివాళ్ళు సైతం పలుగులు పక్కన పడేసి వచ్చారు. ఇంజనీరు దొర తన బదులు ఒక గుమాస్తాను పంపాడు. త్రినాథరాజుగారు జరీ కండువా వేసుకుని, గెలిచినవాడి నడక నడుస్తున్నారు. రైలు వచ్చేలోగా ఈ కాలువ మీద నాలుగు డబ్బులు చేసుకోవాలన్నది ఆయన ఆరాటం. ఈ ఇన్‌స్పెక్టరు అనేవాడు ఆయన కాలికి ముల్లులా గుచ్చుకున్నాడు.

"ఏరా సామ్యేలూ, చూస్తావుగా? నీ తమ్ముడే నీకు పాఠం చెబుతాడు."

సామ్యేలు రోడ్డు వైపు చూశాడు. సూర్యకాంతమ్మగారి మేనా జాడ లేదు. దీనమ్మ కూడా కనబడలేదు.

"కానియ్యండి," అన్నాడు గుమాస్తా.

చిట్టియ్య పొయ్యిలో నిప్పు పెట్టాడు. కట్టెలు చిటపటలాడాయి. చూసేవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. అందరూ వెనక్కి వెళ్తుంటే సామ్యేలు ముందుకు నడిచాడు. ఒడ్డుకీ పడవకీ మధ్య వేసిన పలక మీదుగా పడవలోకి దిగి, బాయిలరు పక్కన తమ్ముడి ఎదురుగా చెక్క మీద కూర్చున్నాడు.

చిట్టియ్య చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. "ఇక్కడ పనేంటి?"

"తనిఖీ."

"ఒడ్డున ఉండి చెయ్యొచ్చు."

"నువ్వు ఒడ్డుకి వస్తే నేనూ వస్తాను. లేకపోతే ఇక్కడే ఉంటాను. నువ్వు మంట వెయ్యి."

అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా కూర్చున్నారు. బాయిలరు లోపల నీళ్ళు గొణగడం మొదలైంది. చిట్టియ్య ఒక కట్టె వేశాడు. రెండోది తీసుకుని చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. చివరికి దాన్ని పక్కన పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"ఏంట్రా ఆలస్యం?" అని రాజుగారు ఒడ్డు మీదనుంచి కేకేశారు.

అప్పుడే బోయీల కూత వినిపించింది. రేవులోని మగవాళ్ళంతా గబగబా మొహాలు అటు తిప్పుకున్నారు. నాలుగు వైపులా తెరలు దించిన మేనా వచ్చి పలక దగ్గర ఆగింది. దాని పక్కన పాపాయమ్మ, వెనక వగరుస్తూ దీనమ్మ.

త్రినాథరాజుగారు పరుగున వెళ్ళి తెర దగ్గర వంగారు. "ఇదేంటి? నువ్వు రేవులోకి రావడమేంటి? పరువు తీస్తావా?"

"తోరం నాదండి. పూజ నాది." ఆవిడ గొంతు అందరికీ వినబడేంత గట్టిగానే ఉంది. "మూడోనాడు తియ్యవలసింది ఇన్నేళ్ళు ఉండిపోయింది. ఇప్పుడు తీస్తాను. నిప్పు ఆర్పమనండి."

"ఇంటికి పద. తర్వాత మాట్లాడుకుందాం."

"అందరూ తర్వాత మాట్లాడుకుందామనే ఇంతదాకా తెచ్చారు. పడవ ఖాళీ చేయించండి."

రాజుగారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా ఆకాశం వైపు చూస్తూ, పూజ చేసినవారే తీస్తే ప్రభుత్వానికి అభ్యంతరం ఉండదన్నాడు. చిట్టియ్య పొయ్యిలో నీళ్ళు కొట్టాడు. అన్నదమ్ములు ఒడ్డెక్కి అటు తిరిగి నిలబడ్డారు. పాపాయమ్మా దీనమ్మా దుప్పటి అడ్డం పట్టుకుని ఆవిడను పడవలోకి తీసుకెళ్ళారు.

ముడి ఊడలేదు. ఊడే స్థితి ఎప్పుడో దాటిపోయింది. సూర్యకాంతమ్మగారు తాంబూలం పెట్టెలోంచి అడకత్తెర తీసి, దాంతో పొర తర్వాత పొర కొరికించారు. కాసేపటికి కొబ్బరికాయంత ముద్ద కాలువ నీళ్ళలో పడిన చప్పుడైంది. ఆవిడ మేనాలోకి వెళ్ళిపోయారు. తెరలు పడ్డాయి. మేనా మాత్రం కదల్లేదు.

"ఇప్పుడైనా తృప్తి అయిందా?" అన్నారు రాజుగారు. "ఎత్తరా చిట్టియ్యా ఆ కాడ. పిల్లాడు వేలితో తోసినా లేస్తుంది. చూపించు అందరికీ."

చిట్టియ్య పడవలోకి దిగి కాడ పట్టుకుని ఎత్తాడు. అది లేవలేదు.

రెండు చేతులతో ఎత్తాడు. మెడనరాలు ఉబ్బాయి. లేవలేదు. గునపం కింద పెట్టి ఒంటి బరువంతా వేశాడు. గునపం వంగింది గాని కాడ వెంట్రుకవాసి కదల్లేదు. తోరం కట్టిన ఏళ్ళల్లో ఒక్కసారీ లేవని మూత తుప్పుతో బాయిలరుకు అతుక్కుపోయింది.

చిట్టియ్య గునపం వదిలేశాడు. ఇందాక నిప్పు పెట్టిన చేతుల వంక చూసుకుని అక్కడే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ బాయిలరు పక్కనే అన్నం తిన్నాడు. దానికి చేరగిలబడి కునుకు తీశాడు. పిల్లల తల్లుల్ని వెచ్చగా ఉంటుందని దాని పక్కనే కూర్చోబెట్టాడు.

సామ్యేలు కోటు విప్పి ఒడ్డున పెట్టాడు. పడవలోకి దిగి సుత్తి అందించాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అలా అనాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదతనికి.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పనిచేశారు. చుట్టూ కొట్టి, నూనె పోసి, మూత ఊడదీశారు. ఇటుకపొడి వేసి అరగదీసి, తళతళలాడే దాకా తుడిచారు. ఒకళ్ళు చెయ్యి చాపితే రెండోవాళ్ళు అడక్కుండానే కావలసింది చేతిలో పెట్టారు. దీనమ్మ తెచ్చిన చద్దన్నం ఒకే గిన్నెలోంచి తిన్నారు.

మళ్ళీ నిప్పు వేశారు. ముల్లు మెల్లగా పైకి పాకింది. ఎర్రగీతకు కొంచెం ఇవతల ఉండగానే మూత ఒణికింది. ముల్లు గీతను తాకగానే తెల్లటి ఆవిరి ఒక్క ఉదుటున లేచి, రేవు రేవంతా మారుమోగేలా కూసింది. రాజుగారు కండువా చెవులకు అడ్డం పెట్టుకుని వెనక్కి గెంతారు. రైలుకట్ట పనివాళ్ళు ఈలలు వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ముల్లు వెనక్కి తగ్గింది. మూత బుద్ధిగా తన చోట కూర్చుంది.

సామ్యేలు ఛాతీ పొంగింది. ఉద్యోగం నిలిచినందుకు కాదు, అది కూడా ఉందనుకోండి. ఇక ఈ పడవ తమ్ముణ్ణి చంపదు. గోదావరి మీద ఇన్నేళ్ళు తిరిగినా ఇంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు.

"దొరగారికి నేను విన్నవిస్తానండి ఇన్‌స్పెక్టరుగారూ," అన్నాడు గుమాస్తా. పొద్దున్నుంచి ఆ నోట గారు వినబడటం అదే మొదలు.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. ఏదో అనబోయారు. అంతలో మేనాలోంచి ఆవిడ గొంతు వచ్చింది.

"ఏమండీ, ఏటా నేను పంపేది రెండు తోరాలు కదూ?"

రాజుగారు తెర వైపు తిరిగారు.

"రెండోది మన 'మీనాక్షి' పడవకి. అది ఇప్పుడు ఎక్కడుందండి?"

ఆయన చేతిలో కండువా నలిగిపోయింది. "పొద్దున కాకినాడలో బయల్దేరింది. ఇది ఆగిపోయిందని... దీంట్లో ఎక్కాల్సిన జనాన్ని కూడా దాంట్లోనే ఎక్కించమన్నాను." కాలువ వైపు చూశారు. "చీకటిపడేలోగా రెండోసారి తిప్పాలి, మంట తగ్గించొద్దని కబురు పంపాను."

రేవులో చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

త్రినాథరాజుగారు పలక దగ్గరికి వచ్చారు. ఏరా అన్న నోరు ఎండిపోయింది. "ఇన్‌స్పెక్టరుగారూ," అన్నారు, చేతులు జోడించినంత పని చేసి. "నా పడవ ఆపించండి."

కాకినాడ నుంచి కాలువ వచ్చే కడియం ఊరి వైపు చూశాడు సామ్యేలు. గుర్రం మీద వెళ్ళినా కాలువగట్టు దారి బురద. ఎవరు ఏం చెప్పినా వింటాడా ఆ నడిపేవాడు?

చిట్టియ్య అప్పటికే పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు. చుక్కాని దగ్గర గొలుసును కాలితో తన్ని చూశాడు. లక్కముద్ర ఇంకా చెక్కుచెదరలేదు. ప్రభుత్వం వేసిన ముద్ర ప్రభుత్వమే తియ్యాలి.

తల ఎత్తి ఒడ్డు వైపు చూశాడు.

"ముద్ర తియ్యి అన్నయ్యా," అన్నాడు. "ఆవిరి సిద్ధంగా ఉంది. మనమే ఎదురెళ్దాం."

సామ్యేలు కోటు కూడా తీసుకోకుండా పడవలోకి దూకాడు. లక్క పగిలింది, గొలుసు జారింది, లాకు తలుపులు తెరవమని రాజుగారే కేకలు వేస్తూ పరిగెత్తారు. 'కామాక్షి' మలుపు తిరిగేసరికి, దూరంగా కొబ్బరితోటల మీద నల్లటి పొగ కనబడింది. 'మీనాక్షి' వాళ్ళ వైపే, చాలా వేగంగా వస్తోంది.